వెనక బోగీ నంబరు

వేలంపట్టు, కోచ్ కార్ఖానా క్వార్టర్లు
12 జూన్ 2018

వదినెకు భూమేష్ దండాలు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే అన్న ఎత్తుతాడు. ఎత్తగానే స్పీకర్ పెడతాడు. ఇక నా మాట నీకన్నా ముందు ఎదురింటి సీతాబాయికి చేరుతుంది. అందుకే రాస్తున్నాను. అన్న డ్యూటీకి పోయాక చదువు.

నేను బాగానే ఉన్నాను. 'మా మరిది రైళ్లకు పేర్లు పెడతాడు' అని వాడంతా చెప్పుకుంటున్నావట. పేర్లు కాదు వదినె, నంబర్లు. పెద్దాఫీసు నుంచి మాకు ఆర్డరు వస్తుంది. ఇన్ని డీజిల్ ప్యాసింజర్ బండ్లు కావాలి, ఒక్కో బండికి ముందొకటి వెనకొకటి ఇంజన్ బోగీలు, మధ్యలో ఆరు మామూలు బోగీలు, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా అని అందులో ఉంటుంది. నంబరులో మొదటి రెండంకెలు ఆ బోగీ పుట్టిన సంవత్సరం (మాకు ఏడాది ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది), మిగతావి దాని వరుస. ఒక నంబరు దేశం మొత్తం మీద ఒక్క బోగీకే ఉంటుంది. నేను చిట్టీ రాసిస్తే పెయింటర్ దాన్ని చూసి బోగీ మీద రాస్తాడు.

ఒక చిన్న పని. మార్చిలో మేం పంపిన బండి ఒకటి మన లైనుకే వచ్చిందని తెలిసింది. కరీంనగర్ నుంచి నిజామాబాద్ పోయే బండి. ఆర్మూర్‌లో ఆగినప్పుడు ముందు ఇంజన్ బోగీ మీదా, వెనక ఇంజన్ బోగీ మీదా ఏ నంబర్లున్నాయో చూసి రాసి పంపు. ఊరికే, మన చేతి పని మన ఊళ్లో ఎట్లా కనిపిస్తుందో తెలుసుకుందామని. తొందరేం లేదు. ఈ వారంలో పంపితే చాలు.

నీ మరిది
భూమేష్

---

ఆర్మూర్
19 జూన్ 2018

మరిది భూమేష్‌కు వదినె ఆశీస్సులు.

తొందర లేదట, ఈ వారంలో కావాలట. ఊరికేనట, స్పీడు పోస్టట! నాయనా, పదహారేళ్ల కింద నేను ఈ ఇంట్లో కాలు పెట్టినప్పుడు నువ్వు నిక్కరేసుకుని తిరిగేవాడివి. చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టి 'చీమలున్నయా అని చూస్తున్న వదినె' అనేవాడివి. ఈ ఉత్తరంలో కూడా నాకు చీమలే కనిపిస్తున్నాయి.

ముందు ఏదో పిల్ల సంగతి అనుకున్నాను. ఆ బండిలో రోజూ నిజామాబాద్ కాలేజీకి పోయే పిల్ల ఎవరో ఉందనీ, నంబరు సాకుతో నన్ను చూసి రమ్మంటున్నావనీ సంబరపడ్డాను. మంచి చీర కట్టుకుని మరీ పోయాను. ఆటోవాడు 'ఏ ఊరికక్కా?' అన్నాడు. 'ఏ ఊరికి గాదు తమ్మీ, జర బండిని చూసొస్త' అన్నాను. స్టేషన్ దాకా అద్దంలో నన్నే చూస్తూ నడిపాడు.

ముందు బోగీ మీద 17605 అని ఉంది. పసుపు రంగు అంకెలు, ముత్యాల్లా ఉన్నాయి. రాసినవాడి చెయ్యి మంచిది. వెనక బోగీ దగ్గరికి నడిచేలోపు బండి కదిలింది. అక్కడితో ఊరుకుంటే నేను సువర్ణనే కాదు. మర్నాడు మళ్లీ పోయి, వెనక బోగీలోనే ఎక్కి నిజామాబాద్ దాకా పోయాను. దిగి చూస్తే 17605. తిరిగి తిరిగి ముందు బోగీ దగ్గరికే వచ్చానేమోనని ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. అక్కడా 17605 ఉంది.

దేశం మొత్తం మీద ఒక్క బోగీకే అన్నావు కదా మరి, మన ఆర్మూర్ ఈ దేశంలో లేదా? మీ కార్ఖానాలో అంకెలకు కరువొచ్చిందా? చెప్పు, ఇంట్లో పాత క్యాలెండర్లున్నాయి, చించి పంపుతాను.

చీమల సంగతి ఇప్పటికైనా రాయి.

మీ వదినె
సువర్ణ

---

వేలంపట్టు
26 జూన్ 2018

వదినెకు దండాలు.

నీ ఉత్తరం చూశాక రెండు రోజులు అన్నం సహించలేదు. నేను భయపడిందే అయింది. వెనక బోగీ మీద 17606 ఉండాలి.

పెద్దాఫీసు రిజిస్టరులో 17606 ఉంది. ఆ బోగీ ఎక్కడ తిరుగుతోందో మాత్రం ఎవరూ చెప్పలేకపోతున్నారు. 17605కేమో నెలకు రెండేసి సర్వీసింగ్ కాగితాలు వస్తున్నాయి. దాంతో అనుమానం వచ్చి మా ఆఫీసరును అడిగారు, ఆయన పెయింటరును పట్టుకున్నాడు. పొన్నుసామి అని పెద్దాయన, ముప్పై ఏళ్లుగా ఇదే పని. ఆగస్టు ఆఖరుకు రిటైరవుతాడు. ఏం రాశావో వివరణ ఇమ్మని పొన్నుసామికి మెమో ఇచ్చారు. అది తేలేదాకా పొన్నుసామి పెన్షన్ కాగితాలు కదలవు. పొన్నుసామి కళ్లకు శుక్లాలు, అందుకే పొరబడి ఉంటాడని అందరూ అంటున్నారు. ఆగస్టులో మనిషిని పంపి ఆ బండిని చూపిస్తారట.

వదినె, 5ను 6 చేయడానికి ఎంత పని? ఎడమ పక్కన ఒక చిన్న గీత. బస్తాల మీద మార్కా రాయడంలో నిన్ను మించిన చెయ్యి ఆర్మూర్ పసుపు గోదాముల్లో లేదు. నిజామాబాద్‌లో బండి గంటసేపు నిలబడుతుంది. నువ్వు ఆ గీత గీస్తే పొన్నుసామి బయటపడతాడు. వాళ్లు వచ్చి చూసేసరికి రెండు నంబర్లూ సరిగ్గా ఉంటాయి, తప్పు జరగనట్టే. నేను పొన్నుసామి కోసమే అడుగుతున్నాను.

అన్నకు చెప్పొద్దు.

భూమేష్

---

ఆర్మూర్
3 జూలై 2018

మరిదికి,

పొన్నుసామి గారి మీద నీకు ఇంత ప్రేమ ఉందని తెలియదు. నీ ఉత్తరంలో ఆయన పేరు ఆరుసార్లు వచ్చింది, వేలు పెట్టి లెక్కపెట్టాను. నీ పేరు మాత్రం కింద సంతకంలో ఒక్కసారే ఉంది.

నాకు చదువు పదో తరగతితో ఆగింది. అందుకని రెండు మూడు సంగతులు అర్థం కాలేదు, జర విడమర్చి చెప్పు. పెయింటర్ చిట్టీ చూసి రాస్తాడని మొదటి ఉత్తరంలో రాశావు. ఆ చిట్టీ రాసేది నువ్వేనని కూడా రాశావు. మరి ఆ రోజు చిట్టీలో ఏముంది? కళ్లు కనబడని మనిషి అంకెలను అంత గుండ్రంగా ఎట్లా రాశాడు? శుక్లాలున్నవాడు 6ను 5 అని చదివితే చదవనీ, ముందు బోగీ నుంచి వెనక బోగీ దాకా నడిచి, ఇందాక రాసిందే మళ్లీ రాస్తున్నానని ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి అనిపించదా?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వాలకం. నేనింకా దొంగ అనలేదు కూడా.

కుంచె కడిగి పెట్టాను. సీజన్ అయిపోయింది, బస్తాల పని లేదు, నాకూ పొద్దుపోవడం లేదు. పసుపు రంగు డబ్బా కూడా అటకమీద ఉంది. కానీ ఏం చిట్టీ మీద నేను కుంచె ముంచాలో నాకు తెలియాలి. గోదాములో కూడా చిట్టీ చూడకుండా ఒక్క బస్తా మీద మార్కా వేసినదాన్ని కాదు.

మీ అన్న నిన్న 'పోస్టుమాన్ మనింటికి మస్తు తిరుగుతుండు, ఏం కథ?' అన్నాడు. భూమేష్‌కు సంబంధాలు చూస్తున్నానని చెప్పాను. ఇక నువ్వు పెళ్లి చేసుకోక తప్పదు.

సువర్ణ

---

వేలంపట్టు
11 జూలై 2018

వదినెకు,

ఈసారి నవ్వకుండా చదువు. చిట్టీ నేనే రాశాను. రెండు బోగీలకూ 17605 అని నేనే రాశాను.

మార్చి ముప్పయ్యో తారీకు. నెలాఖరులోగా ఆ ఆర్డరు పూర్తిచేసి బండి పంపాలి. మామూలుగా ఒక్కో బోగీకి ఒక్కో నంబరు టైపు చేసిన జాబితా వస్తుంది, దాన్ని చూసి చిట్టీ రాస్తాను. ఆ ఆఖరి బండికి జాబితా రాలేదు. 'ఆర్డరు చూసి నువ్వే రాసెయ్' అన్నాడు ఆఫీసరు. ఆర్డరులో ఆ వరుస ఇట్లా ఉంది: ఇంజన్ బోగీలు, రెండు, 17605 నుంచి.

వదినె, నేను నీ పక్కన కూర్చుని గోదాములో మూడు సీజన్లు చిట్టీలు రాశాను. రైతు పసుపు తెస్తే కొమ్ములు ఒక కుప్ప పోస్తారు, గుండ్రటి గోళ ఇంకో కుప్ప పోస్తారు. రైతు ఒక్కడే కాబట్టి రెండు కుప్పలకూ ఒకటే నంబరు. మొదటిరోజు నేను వేరువేరు నంబర్లు వేస్తే నా నెత్తిన మొట్టికాయ వేసి, 'ఒక్క రైతుకు ఒక్కటే నంబర్ పిలగా' అన్నావు. ఆ రోజు హడావిడిలో, ఒక్క బండికి రెండు ఇంజన్ బోగీలు అని చూడగానే నా కళ్లకు ఒక రైతు, రెండు కుప్పలు కనిపించాయి. చెయ్యి దానంతట అదే రాసింది.

ఇంకో మాట ఉంది. అది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది. ఆ రోజు పొన్నుసామి గారు అడిగాడు, 'రెండూ ఒకటేనా తంబీ?' అని. 'రాయండి రాయండి, టైం లేదు' అన్నాను. మెమో వచ్చిన రోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, జేబులోంచి నా చిట్టీ తీసి నా చేతిలో పెట్టాడు. 'నీ కాగితం. పెట్టుకో' అన్నాడు. అంతే. ఆఫీసరు ముందు కళ్లు సరిగ్గా కనబడటం లేదని చెప్పుకున్నాడు. సెప్టెంబరులో నా ఉద్యోగం పర్మనెంటు కావాలని ఆయనకు తెలుసు.

ఆ చిట్టీ నా ట్రంకు పెట్టెలో ఉంది. చించడానికి రెండుసార్లు బయటకు తీశాను. చేతులు రాలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను వదినె. నువ్వు ఆ ఒక్క గీత గీస్తే ఎవరికీ ఏమీ కాదు.

భూమేష్

---

ఆర్మూర్
19 జూలై 2018

భూమేషూ,

నవ్వలేదు. ఒక్క మొట్టికాయ దగ్గర మాత్రం నవ్వాను. దేశంలో ఇన్ని కార్ఖానాలుండగా పసుపు గోదాము లెక్క రైలుకు వేసినవాడివి నువ్వొక్కడివే ఉంటావు. అయినా నేర్పినదాన్ని నేనే, సగం తప్పు నాది.

నిన్న నిజామాబాద్ పోయాను. సంచిలో కుంచె, రంగు డబ్బా, కిరసనాయిలు తడిపిన గుడ్డ పెట్టుకుని పోయాను. బండి నిలబడి ఉంది. కానీ ఏ బోగీ మీద గీయాలో తెలియలేదు. పోయేటప్పుడు వెనక ఉన్నది వచ్చేటప్పుడు ముందుకు వస్తుంది. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. బల్ల మీద కూర్చుని చూశాను, చూశాను. డబ్బా మూత కూడా తీయకుండా ఇంటికొచ్చాను.

మొట్టికాయ గుర్తుంది కదా, దాని తర్వాతి పాఠం ఎట్లా మరిచిపోయావు? జక్రాన్‌పల్లి నుంచి నడిపయ్య పసుపు తెచ్చిన రోజు. నేను తప్పు నంబరు రాసిచ్చాను, ఆయన బస్తాలు ఇంకొకరి బస్తాల్లో కలిశాయి. అందరూ ఎత్తిన హమాలీని తిట్టారు. పాపం అతను నేనిచ్చిన చిట్టీ ప్రకారమే ఎత్తాడు. నేను లేచి ఆ చిట్టీ తెప్పించి, అందరి ముందూ నంబరు కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాను. నడిపయ్య ఏమన్నాడో గుర్తుందా? 'తప్పైతే అయింది గానీ, దాని మొగోడెవడో తెలిసింది' అన్నాడు. ఆడదాన్ని మొగోణ్ని చేశాడని గోదామంతా నవ్వింది. నాకు తల తీసేసినట్టయింది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది. తప్పు చిట్టీని చించకూడదు, కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి. అది నీకు నేర్పానా లేదా?

ఆ పెద్దాయన ముప్పై ఏళ్లు గుండ్రంగా రాసి, ఆఖరున గుడ్డివాడినని చెప్పుకుని పోవాలా? నీ ఉద్యోగం పోతుందేమోనని నాకూ భయంగానే ఉంది. పోతే వచ్చెయ్. గోదాములో నీ స్టూలు ఇంకా అక్కడే ఉంది, దానికి మూడు కాళ్లే ఉన్నాయి గానీ.

ట్రంకు పెట్టె తెరువు.

సువర్ణ

---

వేలంపట్టు
4 ఆగస్టు 2018

వదినెకు,

చెప్పేశాను. నీ ఉత్తరం వచ్చిన తర్వాత కూడా తొమ్మిది రోజులు వెనకాడాను. తర్వాత ఒకరోజు పొద్దున చిట్టీ తీసి, రెండో 17605ను కొట్టేసి, పక్కన 17606 అని రాసి, సంతకం పెట్టి, ఆఫీసరు బల్ల మీద పెట్టాను. ఆయన చిట్టీని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ చిట్టీని చూశాడు. రైతు, రెండు కుప్పలు అని నేను వివరించబోతే, 'పసుపు సంగతి తర్వాత, ముందు కూర్చో' అన్నాడు.

పొన్నుసామి గారి మెమో రద్దయింది. పెన్షన్ కాగితాలు కదిలాయి. నాకు పర్మనెంటు ఇంకో ఏడాది వెనక్కి పోయింది. ఉద్యోగం పోలేదు, స్టూలుకు నాలుగో కాలు ఇప్పుడే వేయించకు.

పొన్నుసామి గారికి చెప్పడానికి పోతే కోప్పడ్డాడు. 'ఎవరు చెప్పమన్నారు నిన్ను?' అన్నాడు. మా వదినె అన్నాను. 'ఆమె ఏం పని చేస్తుంది?' అని అడిగాడు. బస్తాల మీద అంకెలు రాస్తుందని చెప్పాను. 'అదీ సంగతి' అన్నాడు.

బోగీల లోపల బిగించిన పలకల మీది తయారీ నంబర్లను రికార్డుతో పోల్చి ఏది 17606 కావాలో ఆఫీసులో తేల్చారు. దాన్ని సరిచేయడానికి ఆయన్నీ నన్నూ నిజామాబాద్ పంపుతున్నారు. పద్నాలుగో తారీకు వస్తాం. ఆయనకు ఇదే ఆఖరి డ్యూటీ. నువ్వు స్టేషన్‌కు రా, నీ చెయ్యి చూస్తానంటున్నాడు. భోజనం మనింట్లోనే. అన్నకు నేనే చెబుతాను. కావాలంటే స్పీకర్ పెట్టుకోనీ.

భూమేష్

---

ఆర్మూర్
27 ఆగస్టు 2018

మరిది భూమేష్‌కు,

మీరు వచ్చిపోయి పన్నెండు రోజులైనా మీ అన్న ఇంకా ఆ పెద్దాయన గురించే చెబుతున్నాడు. మక్క గారెలు ఎనిమిది తిన్నాడని సీతాబాయికి కూడా తెలిసింది. నీ తప్పు సంగతి విని మీ అన్న తిట్టలేదని ఆశ్చర్యపోయావు కదా. నువ్వు రైలెక్కాక తిట్టాడు, నిన్ను కాదు, నన్ను. 'నా తమ్మునికి ఫికరైతే నాకు చెప్పకుంట ఉత్తరాలాడుకుంటరా?' అన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందులో న్యాయం ఉంది, నేను పడ్డాను.

ముప్పై ఒకటిన పొన్నుసామి గారు ఆఖరిసారి సంతకం పెడతాడని రాశావు. అంతకన్నా ముందు ఈ ఉత్తరం నీకు చేరాలని స్పీడు పోస్టులో వేస్తున్నాను. నాకూ ఇప్పుడు తొందరేం లేదు.

ఆ రోజు ప్లాట్‌ఫారం మీద నువ్వు టీ తేవడానికి పోయావు. 17606 పని అప్పటికి అయిపోయింది. 'రండి, ఆ ముందుది కూడా చూసొద్దాం' అని ఆయన నన్ను 17605 దగ్గరికి తీసుకుపోయాడు. 5 పక్కన లేత పసుపు మరక ఉంది, చెయ్యంత మేర నీలం రంగు మసకబారి ఉంది. ఆయన దగ్గరికి వంగి చూశాడు. వేలితో తడిమాడు. తర్వాత నా వైపు తిరిగాడు. శుక్లాలట, ఏ శుక్లాలూ లేవు ఆ మనిషికి!

జూలైలో నేను రంగు డబ్బా మూత తీశాను భూమేషూ. ముంచాను. గీశాను. నీకు నిజం చెప్పమని రాయడానికి ముందురోజు సంగతి ఇది. నీ పర్మనెంటు సంగతి చదివాక నా మనసు ఆగలేదు. బల్ల మీద కూర్చున్న చిన్నవ్వ అనే ముసలమ్మ, 'ఏం రాస్తున్నవ్ బిడ్డా?' అని అడిగింది. 'బండికి బొట్టు పెడుతున్ననవ్వా' అన్నాను. ఆమె పాపం లేచి బోగీకి దండం పెట్టింది. ఒక్క గీతతో 5 కాస్తా 6 అయిపోయింది. అంత తేలిగ్గా అయిపోయేసరికి నాకు భయమేసింది. ఆ దండం పెట్టిన ముసలమ్మ ముందు నిలబడలేకపోయాను. రంగు ఆరకముందే కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాను. తుడిచిన మరక పోలేదు.

తీరా చూస్తే అది అసలైన ఐదు. దాన్ని అట్లాగే వదిలి ఉంటే ఆరు అయిదుగానూ, అయిదు ఆరుగానూ జీవితాంతం తిరిగేవి, ఆ తప్పు ఎవరికీ దొరికేది కాదు.

పొన్నుసామి గారు జేబులోంచి గుడ్డ తీసి మరక మీద నీలం రంగు అద్దాడు, 5ను మళ్లీ గుండ్రంగా దిద్దాడు. కుంచె తుడుచుకుంటూ తనకొచ్చిన తెలుగులో ఒక్కటే మాట అన్నాడు. 'చెయ్యి మంచిది అమ్మా. బోగీ వేరే.' నువ్వు టీ పట్టుకుని వచ్చేసరికి ఏమీ జరగనట్టు వాన గురించి మాట్లాడుతున్నాడు. మన ఇంటివాళ్ల తప్పులు దాచడం ఆయనకు అలవాటైపోయింది. కానీ దాచినంత మాత్రాన అవి ఆయనవి కావు కదా.

నిన్ను అంతగా పోరి నిజం చెప్పించి, నాది నేను సంచిలో పెట్టుకుని తిరిగాను. పన్నెండు రోజులుగా నా నిద్ర కూడా సరిగ్గా లేదు. నా జూలై పందొమ్మిదో తారీకు ఉత్తరం నీ ట్రంకు పెట్టెలోనే ఉంటుంది, తియ్యి. 'డబ్బా మూత కూడా తీయకుండా ఇంటికొచ్చాను' అని ఒక వాక్యం ఉంది. నీ పెన్నుతో దాన్ని కొట్టెయ్. ఉత్తరం చించకు. పక్కన అంటించడానికి ఈ కాగితం కింది ముక్క కత్తిరించుకో. దాని మీద సరైన మాట రాసి, సంతకం పెట్టాను.

మూత తీశాను. గీశాను. తుడిచాను.
సువర్ణ